అడగకుండా కూర్చునే చోటు

గోదావరి డెల్టాలో కూర్చోవడానికి రాయి దొరకదు. తెలంగాణలోనో రాయలసీమలోనో ఏ ఊళ్ళో బస్సు దిగినా పక్కన గుండో బండో ఏదో ఒకటి కనబడుతుంది. చెప్పులు విప్పి దాని మీద కూలబడొచ్చు. ధవళేశ్వరం దాటి కిందకి వచ్చాక ఆ సుఖం లేదు. 1847లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట మొదలుపెట్టినప్పుడు దానికి కావలసిన రాయిని ధవళేశ్వరం కొండలోంచి కొట్టారు. అక్కణ్ణుంచి సముద్రం దాకా నది తెచ్చి పోసిన ఒండ్రే. ఆ ఒండ్రు మీద వరి చేలు, కొబ్బరి తోటలు, చేపల చెరువులు, వాటి మధ్య కాలవలు. వానాకాలమంతా నేల తడి. గట్టు మీద చతికిలబడితే చీర నిండా బురదే. ఎండాకాలం గట్టు ఆరుతుంది గానీ నీడ ఉండదు.

కాబట్టి ఈ ప్రాంతంలో కూర్చునే చోటు ఏది కనబడినా, ఎవరో ఒకరు పూనుకుని, ఎక్కణ్ణుంచో రాయో సిమెంటో కర్రో తెచ్చి వేసిందే. తనంతట తాను పుట్టింది ఒక్కటీ లేదు. ఈ సంగతి తట్టిన దగ్గర్నుంచీ దారిలో తగిలే బెంచీలని నేను ఊరికే దాటిపోలేకపోతున్నాను. ఎవరు వేయించారు, ఎటు తిప్పి వేయించారు, ఏ వేళకి నీడ పడుతుంది, ఎవరు కూర్చుంటున్నారు అని చూస్తాను.

ఈ వైపు తిరగడం నాకు ఎప్పట్నుంచో అలవాటు. బస్సు, పాసింజరు రైలు, షేర్ ఆటో, మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు ఇలా ఒకటి దిగి ఇంకోటి ఎక్కే ప్రయాణాలు. కోనసీమలో ప్రయాణమంటే సగం ఎదురుచూపే. అమలాపురానికి రైలు ఇంకా రాలేదు. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా వెయ్యాల్సిన లైను పనులు ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉన్నాయి. నరసాపురం చేరేసరికి పట్టాలు అయిపోతాయి, ఆపైన గోదావరి పాయ వసిష్ఠ దాటాలంటే పంటెక్కి సఖినేటిపల్లి రేవులో దిగాలి. కోటిపల్లి దగ్గర ఇంకో పాయ గౌతమి దాటి ముక్తేశ్వరం వెళ్ళాలన్నా పంటే. అది అవతలి ఒడ్డున ఉందంటే, అక్కడ మోటార్‌సైకిళ్ళూ మనుషులూ ఎక్కి, బయల్దేరి, ఇవతలికి వచ్చి ఖాళీ అయ్యేదాకా ఆగాలి. ఆగే మనిషికి బెంచీ కావాలి. ఇది చిన్న విషయమని కొట్టిపారేస్తున్నారు గనకే ఇంత వివరంగా రాస్తున్నాను.

గోదావరి జిల్లాల గురించి రాసేవాళ్ళు చాలామంది అరుగు దగ్గర ఆగిపోతారు. మండువా లోగిళ్ళు, వీధి అరుగులు, దారినపోయేవాళ్ళకి మజ్జిగ పోసిన రోజులు. అరుగంటే నాకూ ఇష్టమే. మా అమ్మమ్మగారింట్లో మధ్యాహ్నాలు దాని మీద పడుకుని ఈనాటికీ గుర్తున్నంత గాఢంగా నిద్రపోయాను. అయినా, అరుగులు పోయాయి, ఇక మర్యాదలు పోయాయి అనేవాళ్ళతో నేను ఒప్పుకోలేను. అరుగుకి యజమాని ఉంటాడు. ఎవరు పైకెక్కి కూర్చోవాలి, ఎవరు మెట్టు దగ్గర ఆగాలి, ఎవరు వీధిలోనే నిలబడి మాట్లాడి పోవాలి అన్నది ఎవరూ నోరు విప్పకుండానే తేలిపోయేది. కులం తేల్చేది. దళితవాడ నుంచి వచ్చిన మనిషి ఎంత ఎండలో నడిచొచ్చినా మా అమ్మమ్మగారి అరుగు ఎక్కగా నేను చూడలేదు. రావిచెట్టు కింద రచ్చబండా అంతే. అది ఊరి పెద్దలది, అందులోనూ మగవాళ్ళది. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు సైతం పట్టపగలు వీధి అరుగు మీద తీరిగ్గా కూర్చుంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి అనేవారు. వాళ్ళకి పెరటి గట్టు.

రైలు స్టేషన్ బెంచీ ఈ లెక్కలు అడగలేదు. రైల్వేలోనూ తరగతులున్నాయి, పై తరగతి వాళ్ళకి వేరే గదులున్నాయి, నిజమే. కానీ ప్లాట్‌ఫారం మీద చెట్టు కింద బెంచీకి తరగతి లేదు. ఒక కొసన ఊళ్ళో పేరున్న రైతు, రెండో కొసన నాట్లకి వెళ్ళే కూలీ, మధ్యలో ఎవరిదో సంచీ. పక్కన కూర్చున్నదెవరో తెలియదు, తెలిసినా లేచి వెళ్ళమనే హక్కు లేదు. పాత స్టేషన్లలో వెడల్పాటి కర్ర బల్లలుండేవి, వీపు పలక మీద రైల్వే అక్షరాలు చెక్కి. చేతులు తగిలి తగిలి ఆ కర్ర నున్నగా అయిపోయేది. అరుగు మీద అతిథివి, బెంచీ మీద నువ్వు నువ్వే. ఎవరికీ కృతజ్ఞత చెప్పక్కర్లేదు, ఎవరింటి పేరూ చెప్పక్కర్లేదు. పరాయి ఊళ్ళో పరాయి మనిషికి ఇంతకంటే పెద్ద మర్యాద ఏముంటుంది?

ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. మగవాడికి దారి పొడుగునా కూర్చునే చోట్లే. టీ బడ్డీ ముందు బల్ల, సెలూన్ బయట కుర్చీ, కల్వర్టు పిట్టగోడ, లాకుల దగ్గర గట్టు. టీ బల్ల మీద కూర్చోవడానికి నాకు అడ్డేమీ లేదు గానీ, కూర్చుంటే అక్కడున్న నలుగురూ మాటలాపి సర్దుకుంటారు. టీ అయిపోయాక ఇంకో అయిదు నిమిషాలు కూర్చోవాలంటే ఇంకో టీ తాగాలి. పిట్టగోడ మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చునే ఆడమనిషి ఈ జిల్లాల్లో నాకింకా కనబడలేదు. ఆడవాళ్ళు ఒంటరిగా, ఏమీ కొనకుండా, ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా కాసేపు ఊరికే కూర్చోగలిగింది రైలు స్టేషన్లోను, రేవులోను, గుళ్ళోను. గుడికి వేళలుంటాయి. మిగిలినవి బెంచీలే.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు డబ్బులు లేవు. ఆ మార్పు బస్సెక్కిన ఎవరికైనా తెలుస్తుంది. ఆసుపత్రికి, కూతురింటికి, బట్టల కొట్టుకి, ఊరికే గుడి చూసి రావడానికి కూడా ఆడవాళ్ళు బయల్దేరుతున్నారు. చాలా మంచి పని. కానీ బస్సు ఎక్కేముందు, దిగాక, మారేటప్పుడు వాళ్ళు నిలబడే ఉంటున్నారు. చిన్న ఊళ్ళ స్టేజీల దగ్గర చూడండి, కిళ్ళీ కొట్టు పందిరి నీడలో ఒక కాలి మీద బరువు వేసి, చేతిసంచీ నేలమీద పెట్టి, దాన్ని రెండు పాదాల మధ్య ఇరికించుకుని నిలబడతారు. మోకాళ్ళ నెప్పులున్న వయసు వాళ్ళే ఎక్కువ. ప్రయాణం ఉచితం చేసినంత మాత్రాన సరిపోదు, ఆ ప్రయాణంలో సగమైన ఎదురుచూపుకి కూడా ఏదో ఒక ఏర్పాటు కావాలి.

కోటిపల్లి రేవులో ఒక సాయంత్రం. వాన వెలిసి అరగంటయింది. పంటు అవతలుంది. రేవు పైన సిమెంటు బెంచీ మీద ఒక పెద్దామె, పక్కనే మునక్కాడల కట్ట పెట్టుకుని కూర్చుంది. నన్ను చూడగానే కట్ట తీసి కింద పెట్టి, తడిగా ఉన్న చోటు కొంగుతో తుడిచి, "కూకోమ్మా, పంటు ఇప్పట్లో రాదు" అంది. తుడుస్తుంటే వీపు పలక మీద అక్షరాలు కనబడ్డాయి. ఎర్ర రంగు సగం పోయింది. కీర్తిశేషులు ఫలానా గారి జ్ఞాపకార్థం, వారి ధర్మపత్ని, కుమారులు, కోడళ్ళు. ఆమెకి చదువు రాదట, ఏం రాసుందని అడిగింది. చదివి చెప్పాను. "ఈ మారాజు ఎవరో గానీ పున్నెం కట్టుకున్నాడు" అని ఆ పేరు మీద నీళ్ళు కూడా తుడిచేసింది. పంటు వచ్చేదాకా ఆమె నాకు మునగ తోటల గురించి, పెద్ద కోడలి గురించి, మోకాలికి ఏ ఆకు వేసి కట్టాలో దాని గురించి చెప్పింది. పంటు ఎక్కేటప్పుడు ఒకరి పేరు ఒకరం అడగలేదు.

జ్ఞాపకార్థం బెంచీ గోదావరి జిల్లాల్లో చాలా చోట్ల కనబడుతుంది. స్మశానాల దగ్గర, గుళ్ళ ముందు, రేవుల్లో, హైస్కూలు గేటు పక్కన. తండ్రి పోతే కొడుకులు కలిసి ఒక బెంచీ వేయిస్తారు, దూరదేశాల్లో ఉన్న పిల్లలు డబ్బు పంపి వేయిస్తారు. పెద్ద రోడ్ల పక్కన సిమెంటు వరలు, తులసికోటలు, కంచె స్తంభాలు పోసి అమ్మే చోట్లున్నాయే, ఈ బెంచీలు కూడా అక్కడే తయారవుతాయి. అచ్చులో ఇనప చువ్వలు పరిచి సిమెంటు, ఇసుక, కంకర కలిపి పోస్తారు. కాళ్ళు, కూర్చునే పలక, వీపు పలక విడివిడిగా పోసి, కొన్ని రోజులు నీళ్ళు కొట్టి, ఆ తరవాత బిగిస్తారు. మొజాయిక్ కావాలంటే పైన రంగు చిప్స్ వేసి అరగదీస్తారు. సముద్రం దగ్గరయ్యేకొద్దీ ఈ బెంచీల ఆయుష్షు తగ్గిపోతుంది. అంతర్వేది వైపు వెళ్ళినప్పుడు ఏ బెంచీకైనా అడుగు భాగం చూడండి. ఉప్పు గాలికి లోపలి చువ్వ తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, దాంతో సిమెంటు చువ్వ పొడుగునా గీత గీసినట్టు చీలి పెచ్చులు రాలుతుంది. పై నుంచి చూస్తే బాగానే ఉంటుంది. ఒకరోజు నలుగురు కూర్చోగానే కూలుతుంది. చువ్వ మీద సిమెంటు మందంగా పోస్తే కొన్నేళ్ళు ఎక్కువ నిలుస్తుంది. ఆ కాస్త ఖర్చు పెట్టమని వేయించేవాళ్ళకి చెప్పే మనిషి ఉండాలి.

మన కూడళ్ళలో విగ్రహాలు ఎన్నున్నాయో ఈ దారుల్లో తిరిగేవాళ్ళందరికీ తెలుసు. పెద్దవాళ్ళని తలుచుకోవద్దని నేననను. కాకపోతే విగ్రహం దగ్గరికి ఏడాదికి రెండుసార్లు దండ పట్టుకుని వెళ్తాం, బెంచీ దగ్గరికి రోజూ ఎవరో ఒకరు వెళ్తారు. పోయిన మనిషి పేరు ముక్కూమొహం తెలియనివాళ్ళ నోట్లో ఆశీర్వాదంగా నానడం ఆ కోటిపల్లి బెంచీ దగ్గర నేను విన్నాను. ఊరికి ఉపకారి అయిన మనిషి పేరు నిలబెట్టాలంటే నా ఓటు బెంచీకే.

ఇప్పుడు కష్టం పెట్టే సంగతికి వస్తాను. ఉన్న బెంచీలు పోతున్నాయి. నేను తరచుగా బస్సు మారే ఒక ఊళ్ళో, బస్టాండు ఆవరణలో పెద్ద నిద్రగన్నేరు చెట్టుండేది. చెట్టు చుట్టూ రాతి పలకలు వేసిన బల్లలుండేవి. బాగుచేస్తామని చెట్టు కొమ్మలు కొట్టేశారు, బల్లలు తీసేశారు, రేకుల షెడ్డు కింద స్టీలు సీట్లు బిగించారు. మూడు సీట్లకి మధ్యలో రెండు ఇనప కమ్మీలు. మనిషి పడుకోకూడదని ఆ ఏర్పాటు. అక్కడే ఒక బాలింతని చూశాను. పిల్ల నిద్రపోతోంది, పడుకోబెట్టడానికి చోటు లేదు, ఎండకి స్టీలు చుర్రుమంటోంది. సంచీలోంచి దుప్పటి తీసి నేలమీద పరిచి పిల్లని అక్కడ పడుకోబెట్టింది. సీట్లు ఖాళీగా ఉన్నాయి.

బస్సు తప్పిపోయిన మనిషి, తెల్లవారుజామున దిగిన మనిషి, ఒంట్లో బాగాలేని మనిషి బల్ల మీద నడుం వాలిస్తే ఊరికి ఏం నష్టం? మాఘమాసంలో భీష్మ ఏకాదశి నాడు అంతర్వేది రథోత్సవానికి వచ్చేవాళ్ళలో ముందు రోజు రాత్రే చేరుకునేవాళ్ళుంటారు. వాళ్ళు ఎక్కడ పడుకుంటారో చూసినవాళ్ళెవరూ బెంచీకి మధ్యలో కమ్మీ పెట్టమని అడగరు. కమ్మీ పెట్టదలిస్తే రెండు కొసలా పెట్టండి. ముసలివాళ్ళు దాన్ని పట్టుకుని లేస్తారు.

బెంచీలు వద్దనేవాళ్ళు చెప్పే కారణం నేను తేలిగ్గా తీసెయ్యను. బెంచీ వేస్తే చీకటిపడ్డాక తాగుబోతులు చేరతారు, కుర్రాళ్ళు చేరి దారినపోయే ఆడపిల్లల్ని ఏడిపిస్తారు అంటారు. జరుగుతుంది. ఒక పంచాయతీలో ఆడవాళ్ళే అడిగి కాలవ గట్టు మీది బల్ల తీయించిన సంగతి నాకు తెలుసు. వాళ్ళ బాధ నిజం. కానీ బల్ల తీసేశాక కూడా సీసాలు ఆ గట్టు మీదే కనబడ్డాయి, ఈసారి గడ్డిలో. పోయింది పొద్దున్నే బట్టలుతికి కాసేపు నడుం వాల్చే ఆడవాళ్ళ చోటు. ఒంటరిగా, చీకట్లో, ఊరికి దూరంగా ఒక్క బెంచీ వేస్తే అది చెడిపోతుంది. దీపస్తంభం కింద, అంగన్‌వాడీ ఎదురుగానో పాలకేంద్రం పక్కనో, నాలుగు బెంచీలు ఒకదాన్నొకటి చూసుకునేలా వేస్తే అక్కడ జనం మసులుతారు. జనం మసిలే చోట తాగేవాళ్ళు కుదురుగా కూర్చోలేరు.

ఎటు చూసేలా వేయాలన్నది కూడా పట్టించుకోవాలి. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ కింద ఉన్న యానాంలో గౌతమి ఒడ్డున నడిచే దారి ఉంది, బెంచీలున్నాయి, కూర్చుంటే ఎదురుగా నది. సాయంత్రాలు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కుటుంబాలు ఆ ఒడ్డుకి వస్తాయి. మన దగ్గర చాలా చోట్ల బెంచీకి వెనక కాలవ పారుతుంటుంది, ముందు రోడ్డు. లారీల దుమ్ము మొహాన కొడుతుంటే కూర్చునేవాళ్ళు తల పక్కకి తిప్పుకుని నీళ్ళకేసి చూస్తుంటారు. బెంచీ బిగించే రోజున ఒక్క నిమిషం దాని మీద కూర్చుని చూసుంటే అటు తిప్పేవారు.

రాజమండ్రి ఘాట్లలో వరదల రోజుల్లో బెంచీల మీద మాటలు వినాలి. "ధవళేశ్వరం దగ్గర ఎంతుందండీ?" అని ఒకరు, "పొద్దున్న పదమూడు దాటిందంటండి" అని ఇంకొకరు. అక్కడ ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు ఇక్కడ చదువురానివాళ్ళకీ నోటికొచ్చు. నది మధ్య లంకల్లో చుట్టాలున్నవాళ్ళు ఫోనులో కనుక్కుని పక్కవాళ్ళకి చెబుతుంటారు. 2022 జూలైలో మూడో హెచ్చరిక కూడా దాటి నీళ్ళొచ్చాయి. వరద తీసిన తరవాత ఒక లంక ఊరికి వెళ్ళాను. రేవులో బెంచీ మీద రెండు వేళ్ళ మందాన ఒండ్రు పేరుకుని, ఎండకి బీటలు తీసి ఉంది. ఇళ్ళు ఇంకా కడుగుతూనే ఉన్నారు. ఒకాయన బకెట్టుతో నీళ్ళు తెచ్చి, కొబ్బరి పీచుతో ఆ బెంచీ రుద్దుతున్నాడు. ఇంటి పని అవకుండా ఇదేమిటండీ అంటే, "ఇల్లు ఆరేదాకా మా అమ్మ ఎక్కడ కూర్చుంటదండీ?" అన్నాడు.

రాజమండ్రిలోనే ఇంకొక మాట. 1900లో రైళ్ళు మొదలైన హేవలాక్ వంతెన మీద 1997లో రాకపోకలు ఆగాయి. దాన్ని జనం చూసే చోటుగా చేస్తామన్న మాట చాలాకాలంగా వింటున్నాం. అద్దాల గదులు, ఫలహారశాలలు, దీపాల హంగులు అన్నీ చెబుతుంటారు. ఆ హంగులన్నీ తరవాత చూసుకోవచ్చు. కొంత మేర గట్టి నడకదారి, పట్టుకోవడానికి కమ్మీ, వంద అడుగులకో బెంచీ, పైన నీడ ఉంటే చాలు, నేను మా ఊరి నుంచి పనికట్టుకుని వచ్చి గోదావరి మధ్యన కూర్చుంటాను. నాలాంటివాళ్ళు ఇంకా చాలామంది వస్తారు.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. రేవులు బాగుచేస్తారు, కొత్త ఘాట్లు కడతారు. పుష్కరాలు పన్నెండు రోజులు, ఆ తరవాత పన్నెండేళ్ళు ఆ ఘాట్లు ఊరివాళ్ళవి, బాటసారులవి. ఇప్పుడే మీ పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో కాగితం రాసివ్వండి. మెట్లకి సిమెంటు పోసే రోజున బెంచీలకి కూడా పోయించుకోవడం తేలిక, అయిపోయాక అడిగితే నిధుల్లేవంటారు. ఎత్తు మోకాలి దగ్గరికి వచ్చేలా ఉండాలి, అంతకంటే తగ్గితే పెద్దవాళ్ళు లేవలేరు. కూర్చునే పలకని ముందుకి రవ్వంత వాలుగా పెట్టిస్తే వాన నీళ్ళు నిలవవు. నల్ల గ్రానైటు నీడలో తప్ప వద్దు. చోటు మాఘంలోనో ఫాల్గుణంలోనో కాకుండా వైశాఖంలో మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి చూసి, నీడ అప్పుడు ఎక్కడ పడుతోందో అక్కడ గుర్తు పెట్టించండి.

నాన్నగారి పేరునో అమ్మగారి పేరునో వేయించేవాళ్ళకి ఒక్క విన్నపం. పేరు కూర్చునే పలక మీద రాయించకండి. పోయినవాళ్ళ పేరు మీద కూర్చోవడానికి మనవాళ్ళకి మనసొప్పదు, ఒదిగి ఒదిగి ఒక కొసన కూర్చుంటారు, ముగ్గురు పట్టే బెంచీ ఒకరికే సరిపోతుంది. వీపు పలక వెనకవైపు, దారినపోయేవాళ్ళకి కనబడేలా, రంగుతో కాకుండా లోతుగా చెక్కించండి.